విన్నది విన్నట్టు

మా అత్తగారు రాజేశ్వరమ్మగారు మూడు రోజుల పిల్లకి అప్పుడే మంచి పేరు ఇచ్చేశారు. ఏడవదట, పేచీ పెట్టదట, పాలకి కూడా లేపితేగాని లేవదట. "మా నిశాంత్ వీధి వీధంతా లేపేవాడు. ఇది చూడు, బంగారు తల్లి," అని ఇండియాకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మూడు రోజుల పిల్ల బుద్ధిమంతురాలు అవడమేమిటి? ఆకలేస్తే ఏడవాలి కదా.

ఇది 2007లో, అమెరికాలోని బెంటన్‌విల్‌లో. కాన్పుకి రావలసిన మా అమ్మకి వీసా ఇవ్వలేదు, అత్తగారికి ఇచ్చారు. మా ఆయన నిశాంత్ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్. నాది డిపెండెంట్ వీసా, కనుక ఉద్యోగం చెయ్యకూడదు. డ్రైవింగ్ టెస్ట్ కాన్పయ్యాక చూద్దామన్నారు. ఈ ఊళ్ళో బస్సు ఎక్కి ఎక్కడికీ వెళ్ళలేం. నేను పిల్లనెత్తుకుని గుమ్మం దాటాలంటే ఎవరో ఒకరు నా మాట నమ్మి కారు తియ్యాలి.

పెళ్ళికి ముందు నేను అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని. అమెరికా డాక్టర్లు రోగిని చూసి బయటికి వచ్చి రికార్డర్‌లో గడగడా చెప్పేస్తారు. మేము హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదంతా టైప్ చేసేవాళ్ళం. కామా ఎక్కడ పెట్టాలో, ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలో కూడా వాళ్ళే చెప్తారు. ఫుల్‌స్టాప్‌ని పీరియడ్ అంటారు. నోరు జారితే 'కరెక్షన్' అని, సరైన మాట మళ్ళీ చెప్తారు. "విన్నది విన్నట్టు కొట్టమ్మా ప్రణీతా, మంచీ చెడూ నీకెందుకు?" అనేవారు మా సూపర్‌వైజర్ ఈశ్వరయ్యగారు.

విన్నది విన్నట్టే కొట్టాను, పళ్ళు కొరుక్కుంటూ. నెలలు నిండకుండా కడుపు పోతే ఆవిడది 'ఇన్‌కాంపిటెంట్ సర్విక్స్'. చేతకాని గర్భద్వారమట. ముప్ఫై అయిదు దాటి కడుపుతో ఉంటే 'ఎల్డర్లీ', అంటే ముసలిది. నొప్పులు ముందుకి సాగకపోతే 'ఫెయిల్యూర్', పరీక్ష తప్పినట్టు. బిడ్డని పోగొట్టుకుని మంచం మీద పడి ఉన్న మనిషిని పట్టుకుని ఇంకా మార్కులు వేస్తూనే ఉంటారు.

చివరికి ఆ మార్కులు నాకూ పడ్డాయి. రాత్రీ పగలూ నొప్పులు పడ్డాక, ఇక ఆగేది లేదని పాప తలకి వాక్యూమ్ కప్పు తగిలించి లాగారు. తర్వాత తలుపు అవతల డాక్టరమ్మ రికార్డర్‌లో అనడం నా చెవిన పడింది. "పూర్ మెటర్నల్ ఎఫర్ట్, పీరియడ్." తల్లి సరిగ్గా ప్రయత్నం చెయ్యలేదట. పాప తల మీద బొప్పి కట్టింది. మర్నాడే ఇంటికి పంపేస్తూ చెకప్‌కి వచ్చేవారం రమ్మన్నారు.

ఇంటికి రాగానే అత్తగారు స్నానాల పని అందుకున్నారు. బొడ్డు ఊడేదాకా నీళ్ళు పొయ్యొద్దని హాస్పిటల్లో చెప్పారంటే ఆవిడ నవ్వారు. బాత్‌టబ్‌లో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, శనగపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టేవారు. తెనాలి నుంచి సూట్‌కేసులో తెచ్చిన కొమ్ము పసుపు. ఆవిడ చేతులు ఎంత నేర్పుగా తిరుగుతాయో చూసి నేనూ ముచ్చటపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మూడో రోజు పాప ముఖం పచ్చగా కనిపించింది.

"అత్తయ్యా, పాప పచ్చగా లేదూ?"

"నలుగు పెట్టాను కదమ్మా. కొమ్ము పసుపు, ఒకపట్టాన వదల్దు."

నాకు మనసు ఒప్పలేదు. పిల్లల డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేశాను. నర్సు ఎత్తింది. పాప పచ్చగా ఉంది, ఎక్కువగా పడుకుంటోంది అన్నాను.

"పిల్లలందరూ కొంచెం పచ్చబడతారు హనీ. కిటికీ దగ్గర ఎండ తగిలేలా పడుకోబెట్టు. ఫస్ట్ బేబీయా?"

"అవును. ఒకసారి తీసుకొచ్చి చూపించమంటారా?"

"అక్కర్లేదు. మీ వాళ్ళ స్కిన్‌లో చూసి చెప్పడం కూడా కష్టమే. కంగారుపడకు."

ఫోన్ పెట్టేశాకగాని ఆ మాట నాకు అర్థం కాలేదు. చూసి చెప్పడం కష్టమైతే రక్తం తీసి చూడాలి. చూడడం కష్టం కాబట్టి చూడక్కర్లేదనడం ఏ ఊరి న్యాయం? సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి పాలు కూడా తాగట్లేదన్నాను. ఈసారి ఆవిడ గొంతు విసుగ్గా ఉంది, పొద్దున చెప్పిందే మళ్ళీ చెప్పింది.

నిశాంత్ ఇంటికి రాగానే హాస్పిటల్‌కి వెళ్దామన్నాను.

"రెండుసార్లు నార్మల్ అని చెప్పింది కదా ప్రణీతా. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టుంది నీ వ్యవహారం. ఆ టైపింగ్ జాబ్‌లో విన్న జబ్బులన్నీ తెచ్చి పాపకి అంటగట్టకు."

"అంటగట్టడం ఏంటండీ? పాప పాలు తాగట్లేదు."

"అమ్మ ఉంది కదా. అమ్మ చూసుకుంటుంది."

అమ్మ ఉంది, నర్సు ఉంది, అందరూ ఉన్నారు. కన్నది మాత్రం నేను కానట్టు మాట్లాడాడు.

మర్నాడు పొద్దున్న అతను ఆఫీస్‌కి వెళ్ళిపోయాక పాపని పాలకి లేపబోయాను. లేవలేదు. అరికాలు గిల్లాను. కళ్ళు సగం తెరిచి సన్నగా, కీచుగా ఒక మూలుగు మూలిగి మళ్ళీ వాలిపోయింది. రొమ్ము నోట్లో పెడితే పెదవులు కదలలేదు. పచ్చదనం కాళ్ళ దాకా దిగింది. కుట్లు లాగుతున్నా లెక్కచెయ్యకుండా పాపని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెప్ప పైకెత్తి చూశాను. తెల్లగా ఉండాల్సిన చోట నిమ్మపండు రంగు.

"అత్తయ్యా, ఇలా రండి. కళ్ళల్లో కూడా నలుగు పెట్టారా?"

ఆవిడ కోపంగానే వచ్చారు. వంగి చూశారు. తర్వాత రెండో కన్ను తనే తెరిచి చూశారు.

"మా ఆడపడుచు కొడుకు ఇలాగే నిద్దరపోయేవాడు," అన్నారు. "బుద్ధిమంతుడని అందరం ముద్దుచేశాం. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు వాడికి. చెవులు వినపడవు, చేతులు స్వాధీనంలో ఉండవు. గ్రహపాటు అనుకున్నాం. ముందు ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యవే తల్లీ."

క్లినిక్‌కే చేశాను. అదే నర్సు. నా పేరు వినగానే, "హనీ, నిన్న చెప్పాను కదా..." అని మొదలుపెట్టింది.

అప్పుడు నా గొంతు మార్చాను. ఏళ్ళ తరబడి చెవుల్లో మోగిన ఆ డాక్టర్ల గొంతు, ఆ వేగం, ఆ ముక్కుతో పలకడం. నాలుగు రోజుల ఆడపిల్ల, వాక్యూమ్ డెలివరీ, తల మీద సెఫల్‌హిమటోమా, కామెర్లు పాదాల దాకా, స్క్లెరల్ ఐక్టరస్, లెథార్జిక్, పూర్ సక్, హై-పిచ్డ్ క్రై. బొప్పిని, పచ్చబడ్డ కళ్ళని, మగతని, కీచు ఏడుపుని వాళ్ళ భాషలో ఒక్కొక్క మాటా అచ్చు గుద్దినట్టు పలికాను. నిన్న చెప్పింది కూడా ఇదే. పచ్చగా ఉంది, పడుకునే ఉంటోంది, పాలు తాగట్లేదు.

అవతల కుర్చీ కిర్రుమంది. "మీరు మెడికల్ ఫీల్డా మేడమ్?"

నిన్నటి హనీ ఇవాళ మేడమ్ అయింది. "అవును," అన్నాను.

"వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. డాక్టర్‌తో నేను మాట్లాడతాను."

పై అపార్ట్‌మెంట్ జయంతి ఆంటీ కారు తీశారు. దారి పొడుగునా అత్తగారు వెనక సీట్లో పాప అరికాళ్ళు రుద్దుతూనే ఉన్నారు. మడమలో గుచ్చి రక్తం తీశారు. రక్తంలో ఆ పచ్చదనం, బిలిరుబిన్ అంటారు, ఇంకొంచెం పెరిగితే మెదడుకి ఎక్కేదట, ఒంట్లో రక్తమంతా మార్చాల్సి వచ్చేదట. కళ్ళకి గంతలు కట్టి నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. నిశాంత్ ఆఫీస్ బ్యాడ్జి మెడలోనే వేలాడుతుండగా పరుగెత్తుకొచ్చాడు. "సారీ ప్రణీతా," అన్నాడు. మాట్లాడితే ఆ వార్డులో వాళ్ళందరూ వినేలా మాట్లాడేదాన్ని.

మర్నాటి మధ్యాహ్నానికి బిలిరుబిన్ దిగింది. పాప ఆకలేసి వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. అత్తగారు కళ్ళు తుడుచుకుని, "ఏడవవే గయ్యాళీ, బాగా ఏడు," అన్నారు. నాకు ఆవిడ మీద కోపం అక్కడితో పోయింది.

పాపకి పాలు పట్టి నిశాంత్ చేతికిచ్చాను. తలుపు బయట కుర్ర డాక్టరు రికార్డర్‌లో చెప్తున్నాడు. మంచివాడే, పాపని బాగా చూసుకున్నాడు. అలవాటైన చెవులు కదా, నా ప్రమేయం లేకుండానే వింటున్నాయి.

"తల్లి వైద్యరంగంలో పనిచేసిన వ్యక్తి కావడంతో, కామా, లక్షణాలు వెంటనే గుర్తించి తీసుకువచ్చారు, పీరియడ్."

ఒక్కసారిగా రక్తం తలకెక్కింది. మరి వైద్యరంగం తెలియని తల్లి ఏమైపోవాలి? కింది ఫ్లాట్ నాగమల్లేశ్వరికి వచ్చే నెల కాన్పు. హలో, థాంక్యూ తప్ప ఇంగ్లీష్ రాదు. పాప పచ్చగా ఉందని ఆ పిల్ల తెలుగులో మొత్తుకుంటే, అది వీళ్ళకి ఎవరు చెప్పాలి?

లేచి బయటికి వెళ్ళాను.

"డాక్టర్, కరెక్షన్."

అతను బటన్ మీద వేలు పెట్టి నా వంక చూశాడు. "ఏమైనా తప్పు చెప్పానా?"

"నేను మెడికల్ కాదు. టైపిస్ట్‌ని. ఇప్పుడు అది కూడా కాదు. తల్లిని. అది చెప్పండి. 'తల్లి ముందురోజు రెండుసార్లు ఫోన్ చేసి పాప పచ్చగా ఉందని చెప్పింది, కామా, ఎవరూ వినలేదు, పీరియడ్.'"

"అది క్లినిక్‌లో కంప్లైంట్‌గా ఇవ్వచ్చు. రికార్డ్‌లో అవసరమంటారా?"

"కంప్లైంట్ కూడా ఇస్తాను. కానీ అది సొరుగులోకి పోతుంది. ఇది పాప పేరు మీద ఉంటుంది. ఇవాళ రాత్రి హైదరాబాద్‌లో ఒక అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీ గొంతు వింటుంది. మీరు ఏది చెప్తే అదే కొడుతుంది, ఒక్క అక్షరం మార్చదు. నేను కొట్టినవన్నీ అలాగే కొట్టాను. ఈ ఒక్కటైనా ఆ అమ్మాయిని నిజం కొట్టనివ్వండి."

లోపల పాప మళ్ళీ ఏడుపు అందుకుంది. అతను అటు చూశాడు, నా వైపు చూశాడు. గొంతు సవరించుకుని బటన్ నొక్కాడు.

"కరెక్షన్," అన్నాడు.

అతను పీరియడ్ అనేదాకా నేను అక్కడే నిలబడి విన్నాను.