ఒకటిన్నర బస్సు

కొండమీద ఇనుప గనులు తెరిచి, రాయి రైలెక్కి విశాఖకు పోవడం మొదలైన ఏళ్ళవి. కోంటా నుంచి వచ్చి స్థిరపడ్డ అప్పయ్య సేఠుకు దంతెవాడకూ గనుల కాలనీకీ మధ్య నాలుగు బస్సులు తిరిగేవి. రోజూ ఒక ట్రిప్పు తగ్గించాలనుకుని, ఏ వేళ ఎంతమంది ఎక్కుతున్నారో వారం రోజులు తలలు లెక్కపెట్టి రమ్మని మేనల్లుడు శ్రీరంగాన్ని పంపాడు.

తెల్లవారి ఆరింటి బండిలో ఊపిరాడేది కాదు. మొదటి షిఫ్టు కూలీలు, ఇప్పపువ్వు బుట్టలతో ఆడవాళ్ళు, టాపు మీద మేకలు. పదింటిదాకా గంటకో బండి. ఆపైన ఒకటిన్నరకు ఒకటి, మళ్ళీ ఐదింటికే, అదే ఆఖరిది. ఒకటిన్నర బండిలో పదిమంది ఉంటే గొప్ప.

మొదటిరోజే ఆ బండి తోలే ముసలయ్య అడవి మధ్య ఒక మలుపులో, మనిషన్నవాడు లేనిచోట ఆపాడు. ఒకరు ఎక్కి కూర్చునేంతసేపు ఆగి, వెనక్కి చూడకుండా కదిలించాడు. రెండోరోజూ అంతే. ఎందుకాపావని ఎవరూ అడగలేదు. చివరి వరసలో కిటికీ పక్క సీటులో ఎవరూ కూర్చోనూ లేదు.

మూడోరోజు టీకొట్టు దగ్గర శ్రీరంగం అడిగితే ముసలయ్య చెప్పుకొచ్చాడు. నిరుడు ఎండాకాలం జనం లేరని సేఠు ఈ ట్రిప్పును ఆపేశాడు. లోపలి పల్లెలకు ఆ సంగతి తెలియదు. హుంగే అనే నిండు చూలాలు నొప్పులు మొదలై, కాలనీ ఆస్పత్రికి పోదామని అత్తను వెంటబెట్టుకుని మలుపుకు వచ్చి కూర్చుంది. ఒకటిన్నర దాటింది, మూడయింది. చివరికి ఐదింటి బండి వచ్చింది.

"ఆ బండి నేనే తోలిన," అన్నాడు ముసలయ్య. "ఫుట్‌బోర్డు మీద కూడ జాగ లేదు. ఆమె చెయ్యెత్తింది. ఎనక ఇంకో బండి ఉంటది లే అనుకున్న. ఉండదని నాకు తెల్వదా?"

మరునాడు ఆరింటి బండికి అత్త ఒక్కతే అడ్డం నిలబడింది. ఎక్కడానికి కాదు, కోడల్ని ఊరికి మోసే మనుషుల కోసం.

దసరాకు ట్రిప్పు మళ్ళీ మొదలైంది. ఆ రోజు నుంచీ హుంగే అదే మలుపులో నిలబడి ఉంటోందట.

శ్రీరంగం నమ్మలేదు. ఆరోరోజు ఎనిమిది టిక్కెట్లు తెగాయి. మలుపు దాటాక అలవాటుగా తలలు లెక్కపెడితే తొమ్మిది వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. చివరి కిటికీ పక్కన ఒకామె కొంగు తలమీదికి లాక్కుని, కడుపు రెండు చేతుల్తో పట్టుకుని బయటికి చూస్తోంది. బండి ఆగగానే శ్రీరంగం ముందు దిగి తలుపు దగ్గర నిలబడ్డాడు. కాలనీలో దిగింది ఎనిమిది మందే.

శ్రీరంగం లెక్కలు రాసిన పుస్తకం చూసి సేఠు ఒకటిన్నర బండిని తీసేద్దామన్నాడు. శ్రీరంగం దయ్యం మాట ఎత్తలేదు.

"తొమ్మిదింటిది తియ్, మామా. దానికి ముందొకటుంది, ఎనకొకటుంది. ఒకటిన్నర దానికి ముందు మూడున్నర గంటలు, తర్వాత మూడున్నర గంటలు ఏం లేదు. ఆ టైముకు ఎక్కేటోళ్ళు కొద్దిమందే. కాని ఆగలేనోళ్ళు."

సేఠు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. నిరుడు ఆ మలుపులో ఏం జరిగిందో ఆయనా ఎరుగును. చివరికి సరేనన్నాడు.

వానలు పడ్డాక అదే మలుపులో మంగు అనే చూలాలు ఒకటిన్నర బండి ఎక్కి, పొద్దు గూకేలోగా కాలనీ ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. ఆ కబురు తెచ్చిన ముసలయ్యతో శ్రీరంగం, ఇక హుంగే కనబడదేమోనన్నాడు.

ముసలయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఆ పొద్దు కూడ ఎక్కింది, బాబూ. మంగుకు తన సీటిచ్చి కాలనీ దాక నిలబడే వచ్చింది."