నోట రాని పేరు

చిక్కడపల్లి కమ్యూనిటీ హాల్లో సీపీఆర్ నేర్పిన రోజు మా అత్త నర్సింహమ్మ నా పరువు తీసింది. పడిపోయిన మనిషి భుజాలు తట్టి, ముందు పేరు పెట్టి గట్టిగా పిలవాలని నర్సు చెప్పింది. "అదేంది బిడ్డా, పెనిమిటి పేరు ఎట్ల తీస్త?" అంది అత్త. హాలంతా నవ్వింది. రబ్బరు బొమ్మ ఛాతీ నొక్కమంటే, పరాయి మగోని రొమ్ము ముట్టనని చేతులు కొంగులో దాచుకుంది. సమోసాల కోసం వచ్చిందా ఈమె అని నాకు ఒళ్లు మండింది.

నెల తిరగకుండానే అశోక్‌నగర్‌లోని మా ఇంట్లో, ఛాయ్ తాగుతూ తాగుతూ మామయ్య కుర్చీలోంచి జారి నేల మీద పడ్డారు. అత్తా నేనూ తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరు. భుజం తట్టి "మామయ్యా" అంటే పలకలేదు. ఊపిరి లేదు. నూట ఎనిమిదికి ఫోన్ చేశాను.

"బండి నారాయణగూడల ఉందమ్మా, వస్తది. అందాక ఛాతీ నొక్కుడు ఆపకండి," అన్నారు.

అత్త చెంబు తెచ్చి ఆయన నోట్లో నీళ్లు పోయబోయింది. "వద్దు అత్తమ్మా, ఊపిరి గొట్టంల పోతయ్!" అని చెంబు లాగేశాను.

మామయ్య ముందు కుర్చీలో కూడా కూర్చోనిదాన్ని, ఆయన ఛాతీ మీద అరచేతులు ఆనించి నొక్కాను. నాలుగైదు సార్లకే లోపల ఏదో పుటుక్కుమంది. పక్కటెముక విరగొచ్చని నర్సు చెప్పిందే, కానీ బొమ్మకు విరగలేదు కదా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"సంపుతున్నవే!" అని అత్త నా రెక్క పట్టి లాగింది.

ఆయన పోతే, నేనే చంపానన్న మాట నా బతుకంతా నిలిచిపోతుంది. భయంతో ఏడుస్తూనే నొక్కాను. కాసేపటికి చేతులు చచ్చుబడ్డాయి.

"నాతోని అయితలేదు అత్తమ్మా. నువ్వు నొక్కు. ఆపితే మామ దక్కడు."

అత్త గోడకు అతుక్కుపోయింది. మరుక్షణం మోకాళ్ల మీద కూలబడి, నా చేతులు పక్కకు నెట్టి నొక్కడం మొదలుపెట్టింది. "రామచంద్రయ్యా! ఓ రామచంద్రయ్యా, లే!" అని అరిచింది.

పెళ్లయిన నాటి నుంచి ఆ నోట రాని పేరు అది. ఆ కేకకు నాకు ఇంకా భయం వేసింది. ఆయన ఇక లేడనుకునే పిలుస్తోందేమో అనిపించింది.

అంబులెన్స్ వాళ్లు వచ్చి మమ్మల్ని జరిపి, మిషన్‌తో షాక్ ఇచ్చారు. ఒకతను మామయ్య మెడ మీద వేళ్లు పెట్టి ఎంతకీ తీయలేదు. అత్త నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది.

"నాడి దొరికింది. జల్ది దవాఖానకు పోవాలె. పేషెంట్ పేరేందమ్మా?" అని అత్తను అడిగాడు.

అత్త నోరు తెరిచి, మళ్లీ మూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు, అంబికా."