పక్క వెలుతురు

రంగు వేసేవాడికి ఎదురు వెలుతురు పనికిరాదు. ఎదురుగా దీపం పెడితే ఎంత గతుకుల చెక్కయినా పెళ్ళికూతురిలా కనిపిస్తుంది. దీపాన్ని పక్కన, చెక్కకి ఆనించినంత దగ్గరగా పట్టుకోవాలి. అప్పుడు గోటి గీత కూడా నీడ వేస్తుంది. నీడ పడ్డచోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టాలి, లప్పం పెట్టాలి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాలి. రంగు డబ్బా మూత తీసేది ఆ తర్వాతే. ముప్పయ్యేళ్ళుగా నా బతుకు ఇదే. ఊళ్ళోవాళ్ళ సొట్టలన్నీ నింపాను. ఒక్కడూ గుర్తుపెట్టుకోడు. గుర్తుపట్టకపోవడమే ఈ పనికి మెప్పట!

మా అమ్మాయి వంటింటికి రంగు వెయ్యడానికి వెళ్ళేసరికి ఆ ఇంట్లో రంగు గొడవ మొదలై పదిరోజులైంది. కబోర్డులకి అల్లుడు ముదురు నీలం అడుగుతున్నాడు, అద్దంలా మెరిసేది. ఆయన టైల్సు షాపులో మేనేజరు. పొద్దస్తమానం మెరిసేవాటి మధ్య తిరిగి తిరిగి, మెరవనిదేదైనా ఆయన కంటికి దరిద్రంలా కనిపిస్తుంది. అమ్మాయి బూడిదరంగు అడుగుతోంది, మెరుపు లేని మ్యాట్.

"మీరే చెప్పండి మామయ్యా, బూడిదరంగేంటండీ? వంటిల్లా, ఆస్పత్రిలో సామాన్ల గదా?" అన్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ. నవ్వుతూనే అన్నాడు. ఏదన్నా నవ్వుతూనే అంటాడు.

"అందులో రోజంతా నిలబడేది నీ పెళ్ళాం కదా బాబూ."

"అదీ నిజమే. నిలబడేది తనే," అని అమ్మాయి మెడ మీద చెయ్యి వేశాడు. స్టవ్వు దగ్గర గరిటె తిప్పుతున్న దాని చెయ్యి ఆగిపోయింది.

"మ్యాటే వెయ్యి నాన్నా. మెరిసేదైతే మరకలు కనిపిస్తాయి," అంది, వెనక్కి తిరగకుండానే.

అది తప్పు. మెరిసే రంగు మీద మరక ఒక్క తుడుపుతో పోతుంది. మ్యాటే మరకని పీల్చుకుంటుంది. ఈ సంగతి దానికి తెలియక కాదు. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ నా వెనకాల లప్పం రేకు పట్టుకుని తిరిగిన పిల్ల. చిన్నమేస్త్రి అని పిలిచేవాణ్ణి. మెరిసే రంగు దాచలేనిది మరకని కాదు, సొట్టని. ఆ మాట అక్కడే తట్టాల్సింది. నా బుర్రకి తట్టలేదు.

రెండు రంగులూ రెండు చెక్కముక్కల మీద వేసి సింకు పక్కన ఆనించాను. మధ్యాహ్నం భోజనానికొచ్చి తేలుస్తానని అల్లుడు షాపుకి వెళ్ళాడు. అమ్మాయి బట్టలు ఆరెయ్యడానికి పైకి వెళ్ళింది. నేను కిటికీ తెర లాగి, చేతిదీపం వెలిగించి, పెన్సిలు చెవి మీంచి తీశాను.

కిటికీవైపు కబోర్డులు నున్నగా ఉన్నాయి. స్టవ్వు మీదవి కూడా. సింకు పక్క నిలువెత్తు తలుపుల దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగలేదు. సున్నా, సున్నా, మళ్ళీ సున్నా. ఒక్కో వస్తువు ఒక్కో ముద్ర వేస్తుంది. గ్లాసు అంచు తగిలితే అర్ధచంద్రం పడుతుంది. గరిటె కాడ తగిలితే పొడుగు గాటు. పిడికిలి తగిలితే పైపొర చిట్లి లోపలికి నొక్కుకుపోతుంది. పదిహేడు సున్నాలు చుట్టాను. వెనక్కి జరిగి దీపం ఎత్తి పట్టుకున్నాను.

సున్నాలన్నీ అటూ ఇటూ ఉన్నాయి. మధ్యలో ఒక మనిషి నిలబడేంత ఖాళీ. భుజాలు, మెడ, తల. అంత మేరా ఒక్క సొట్ట కూడా లేదు. అక్కడికి విసిరినవి చెక్కదాకా రాలేదన్నమాట.

ఒక సున్నాలో బొటనవేలు పెట్టాను. సరిగ్గా కూర్చుంది. ఆ సొట్టని ఎవరో ఇంతకుముందే నింపారు, నింపింది ఆరి కాస్త కుంగింది. లప్పంతో కాదు, రంపపు పొట్టులో జిగురు కలిపి, రేకుతో కాకుండా బొటనవేలితో నొక్కి, ఆరాక అడ్డంగా రుద్ది. ఏ మేస్త్రీ అలా చెయ్యడు. నేను చేస్తాను. నాకు ఒక్కటే శిష్యురాలు.

అది గుమ్మంలో నిలబడి ఉంది, ఖాళీ బకెట్టుతో.

"ఇవి నింపిందెవరే?"

"మేస్త్రి."

"ఏ మేస్త్రి?"

"చిన్నమేస్త్రి," అంది.

దగ్గరికి వెళ్ళి జుట్టు పక్కకి తప్పించి చూశాను. చెవి పైన, వెంట్రుకల కింద, రెండు కుట్ల మచ్చ.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకా?" అంది.

అంతే. ఆ ఒక్క ముక్కా పలికి బకెట్టు కింద పెట్టింది.

దానికి ఎనిమిదేళ్ళప్పుడు ఒక పొద్దున వాళ్ళమ్మ చెంప వాచి గదిలో పడుకుంది. ముందురోజు సాయంత్రం నేను విసిరిన ఇనప పెనం వంటింటి తలుపులో గుంట చేసింది. ఇంటివాడు చూస్తే ఊరుకోడు. నేను పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పొట్టూ జిగురూ కలిపి, దాని బొటనవేలితోనే నొక్కించాను. "ఎవడూ కనిపెట్టకూడదు చిన్నమేస్త్రీ, అదీ పనితనం!" అన్నాను. ఎంత ముద్దుగా నవ్విందని! ఆ తర్వాత ఆ తలుపుకి ఇంకా చాలా పని చెప్పాను. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళు. తలుపు ఇంకా నున్నగానే ఉంది.

ఇంతలో అల్లుడి బండి చప్పుడైంది.

లోపలికి వచ్చి తలుపుల మీది సున్నాలు చూశాడు. నవ్వాడు.

"ఏంటి మామయ్యా, మార్కులేస్తున్నారా? అన్నీ సున్నాలేనే!"

"నీకే బాబూ. పదిహేడు."

నవ్వు పోలేదు గానీ బిగుసుకుంది. అమ్మాయివైపు తిరిగాడు. "ఏం చెప్పావే?"

"నేనేం చెప్పలేదు. తలుపులు చెప్పాయి."

నీలంరంగు చెక్క చేతికి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టుగా. "రంగు మాట తేల్చేద్దాం," అంటూనే దాన్ని అమ్మాయి మొహం మీదికి విసిరాడు. అది తల వంచిన తీరు చూశాను. చెయ్యి లేవకముందే వంగింది. అలవాటైనవాళ్ళే అలా వంగుతారు. చెక్క గోడకి తగిలి పగిలింది. పెచ్చు ఒకటి అమ్మాయి చెంప కోసింది.

మిగతాది నేను ఆలోచించి చేసింది కాదు. లప్పం రేకు చేతికి అందింది. దాని మొద్దు అంచుతో వాడి మూతి మీద కొట్టాను. పెదవి చీలి పళ్ళు కనిపించాయి. వాడు నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాడు. నన్ను ఎత్తి స్టవ్వు మీద పడేశాడు. గిన్నెలు దొర్లాయి. నా కుడిచెయ్యి తెరిచివున్న సొరుగులో పడింది. వాడు మోకాలితో ఆ సొరుగు మూసేశాడు. ఒకసారి. మళ్ళీ తెరిచి ఇంకోసారి. వేళ్ళు విరిగిన చప్పుడు, ఎండిన పుల్ల విరిచినట్టు, నా చెవులకే వినబడింది.

"రంగులేస్తావా ముసలోడా? ఎయ్యి, ఇప్పుడెయ్యి!" అంటున్నాడు.

ఎడంచేతికి ఉప్పుకాగితం చుట్టిన చెక్కదిమ్మ దొరికింది. దాంతో వాడి మొహాన్ని చెక్కని రుద్దినట్టు రుద్దాను. చర్మం లేచి వచ్చింది. కళ్ళు మూసుకుని కేక పెట్టాడు. దిమ్మ పారేసి అదే చేత్తో వాడి మెడ పట్టుకుని నుదురు కబోర్డు అంచుకేసి మోదాను. రక్తం నా మోచేతిదాకా కారింది. మళ్ళీ మోదడానికి తల వెనక్కి లాగాను. మనసుకి ఎంత హాయిగా ఉందో చెప్పను. ఏళ్ళ తర్వాత ఒంటికి బలమొచ్చినట్టుంది.

కళ్ళలోకి దీపం వెలుతురు పడింది. అమ్మాయి నా చేతిదీపాన్ని పక్కనుంచి, నా మొహానికి ఆనించినంత దగ్గరగా పట్టుకుంది.

"వదులు నాన్నా," అంది. గొంతు పెంచలేదు. "అమ్మ మెడ కూడా ఇలాగే పట్టుకునేవాడివి. బొటనవేలు ఇక్కడే ఉండేది."

నా బొటనవేలు చూసుకున్నాను. వాడి చెవి కింద, గుంటలో, లోపలికంటా దిగి ఉంది. వదిలేశాను.

వాడు నేల మీద కూర్చుని మూతి తుడుచుకున్నాడు. "ఇది నా ఇల్లు. మీ ఇద్దర్నీ లోపలేయిస్తా."

"కాగితాల్లో ఉన్నది నా పేరు. చదువొచ్చుగా, చూసుకో," అంది అమ్మాయి. అప్పటికే వీధితలుపు బార్లా తెరిచింది. మెట్ల మీద కిందింటివాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ఎదుట చెంప రక్తం తుడుచుకోకుండా నిలబడింది. వాడు వాళ్ళని చూసి అలవాటుకొద్దీ నవ్వబోయాడు. చీలిన పెదవితో కుదరలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయాడు. సాయంత్రంలోగా అమ్మాయి తాళం మార్పించింది, పోలీసుస్టేషనుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసిచ్చింది. నేను కొట్టింది కూడా రాసింది.

నాలుగోరోజు విరిగిన వేళ్ళకి కట్టుతో వెళ్ళాను. తలుపులు ఇంకా పెన్సిలు సున్నాలతోనే ఉన్నాయి.

"బూడిదరంగేగా?" అన్నాను.

"కాదు. ఆయన అడిగిందే. నీలం, మెరిసేది."

మళ్ళీ వాణ్ణి రానిస్తుందేమోనని ఒళ్ళు మండిపోయింది. పళ్ళు కొరుక్కుంటూ ఎడంచేత్తో లప్పం డబ్బా మూత తీశాను. అది మూత లాక్కుని టప్పున బిగించేసింది.

"పెట్టకు."

"సొట్టల మీద మెరిసే రంగా? ఇంకో మేస్త్రి చూస్తే నా మొహాన ఉమ్మేస్తాడే!"

"ఉమ్మనీ. నేను నింపినవి కూడా తవ్వి తియ్యి. మంచినీళ్ళకొచ్చినవాళ్ళకి కూడా కనిపించాలి. వాడు కాకపోతే ఇంకొకడు వస్తాడు. వాడూ చూడాలి."

"నేనో?"

"నువ్వు చూడాలనేగా నీచేత వేయిస్తోంది."

ముప్పయ్యేళ్ళలో అలాంటి పని చెయ్యలేదు. నింపినవన్నీ ఉలి మొనతో తవ్వాను. పొట్టూ జిగురూ గుండ్రంగా, బొటనవేలి ఆకారంలో ఊడి వచ్చాయి. ఎడంచేత్తో మూడు పూతలు వేశాను. ప్రతి పూతకీ అది దీపం పట్టుకుని పక్కన నిలబడింది. ఎక్కడైనా రంగు తక్కువైతే "అక్కడ" అనేది, అంతే.

మూడోపూత ఆరాక కిటికీ తెర తీసేసింది. దీపం అక్కర్లేకపోయింది. ఎండలో నీలం మెరుస్తుంటే గుమ్మంలోంచే లెక్కపెట్టొచ్చు. ఎడమా కుడీ పదిహేడు వాడివి. అంచు మీద, నుదుటి ఎత్తున, కొత్తగా పడ్డ పద్దెనిమిదోది నాది.