తెల్ల బిళ్ళలు

భద్రాచలం బస్టాండు దగ్గర నాది ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు. ఆదివారం పని ఉండదు. షట్టరు సగం దించి, ఫ్లెక్సులు కోసే టేబుల్ మీద ఆట పరిచేటోళ్లం. నేను, చిరంజీవి, జంపయ్య. డిగ్రీల ముగ్గురం ఒక్క బెంచి. చిరంజీవికి కానిస్టేబుల్ ఉద్యోగం రెండు మార్కులతోని పోయింది. ఇప్పుడు ఆ పరీక్షకు పోయేటోళ్లకే కోచింగ్ ఇస్తడు. జంపయ్యది చర్ల అవతల కోయగూడెం. ఆశ్రమ పాఠశాలల సైన్సు సారు.

ఆట చిరంజీవే తెచ్చిండు. హైదరాబాద్‌ల దోస్తు దగ్గర చూసి, ఫోటోలు తీసుకొని వచ్చిండు. మ్యాపు నేను ఫ్లెక్స్ మీద కొట్టిన, బిళ్ళలు అట్ట మీద అంటించి కోసిన. ఏదో దేశంల సగం కూలిన పట్నం. సందులు, మిద్దెలు, ఒక బడి, ఒక దవాఖానా. ఒక పక్క ఆర్మీ, ఇంకో పక్క తిరగబడ్డోళ్లు. ఇల్లిల్లు పట్టుకుంట పోవాలె. గురి తగిలిందా లేదా డైసు చెప్తది. రూల్ బుక్కుల స్క్వాడ్ అని ఉంటది, మేం టీం అనేటోళ్లం. తెలుగుల దాన్ని దళం అంటరు. బస్టాండు పక్క షాపుల కూసోని ఆ మాట గట్టిగ అనే ధైర్యం మాకెవ్వరికీ లేదు.

ఇండ్లల్ల తెల్ల బిళ్ళలు ఉంటయ్. అవి జనం. ఏ పక్కా కాదు. ఎవరి వంతు వచ్చినా వాళ్లను పక్క వీధికి జరపొచ్చు, కాని జరిపినోనికి ఆ వంతుల కాల్చేది లేదు.

జంపయ్యకు మొదటి మూడు నాలుగు వంతులు జనాన్ని తీసేందుకే పోయేటియి.

"అరె, యుద్ధం చేస్తున్నవా, బస్సెక్కిస్తున్నవా?" అని చిరంజీవి నవ్వేటోడు.

అయినా చివరికి జంపయ్యే గెలిచేటోడు. ఎదుటోడు ఏ గోడ చాటుకు పోతడో, ఏ కిటికీ నుంచి చూస్తడో ఇట్టే పట్టేటోడు.

అతని నాయన సంగతి నాకు తెలుసు. డిగ్రీ ఆఖరి ఏడు కరకట్ట మీద నడుస్తుంటే జంపయ్యే చెప్పిండు. నాయన పేరు సీతయ్య. తునికాకు కోసే రోజులు. మధ్యాహ్నం ఎండకు కల్లం పక్క గుడిసెల నడుం వాల్చిండు. పోలీసులు, నక్సలైట్లు రెండు దిక్కుల నుంచి కాల్చుకున్నరు. నాయనను చంపింది ఎవరి తూటానో ఇయ్యాల్టికీ తెల్వదు. మర్నాడు పేపర్ల గుర్తు తెలియని తీవ్రవాది మృతి అని వచ్చింది. జంపయ్య తల్లి భీమక్కకు చదువు రాదు. ఎవరో చదివి చెప్తే, ఆ పేపరు పట్టుకొని, "నా మొగని పేరు సీతయ్య. గుర్తు తెల్వకపోవుడేంది?" అని కనపడ్డోళ్లనల్లా అడిగిందట.

"నీకొక్కనికైనా అసలు సంగతి తెల్వాలెనని చెప్తున్న" అన్నడు జంపయ్య ఆ రోజు. జంపయ్య నాయన కాల్పుల్ల పోయిండని చిరంజీవికీ తెలుసు, కాని మిగతాది అతనికి తెలిసింది పేపర్ల వచ్చినంతే.

పోయిన వానాకాలం ఖమ్మంల ఒక కేఫోళ్లు బోర్డు ఆటల పోటీ పెట్టిన్రు. ముగ్గురు ఒక జట్టు. పేర్లిచ్చినం. ఇగ ప్రతి ఆదివారం ప్రాక్టీసు. ఒక ఆదివారం జంపయ్య, చిరంజీవి ఎదురెదురుగ కూసున్నరు. నేను రూల్ బుక్కు పట్టుకున్న. బయట గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటిందని మైకుల చెప్పుకుంట ఆటో తిరుగుతున్నది.

బడి పక్క మిద్దెల జంపయ్యది ఒక టీం ఉన్నది. అదే ఇంట్ల నాలుగు తెల్ల బిళ్ళలు ఇంక ఉన్నయ్. చిరంజీవి డైసు చేతిల పట్టుకొని, "మిద్దె మీద కొడుతున్న" అన్నడు.

"లోపల జనం ఉన్నరు" అన్నడు జంపయ్య.

"రెండు పాయింట్లు పోతయ్. మిద్దె దొరికితే ఐదొస్తయ్. లాభమే కదా."

"నలుగురున్నరు రా."

"అట్టముక్కలు రా అవి! మన్సూరూ, రూలేమంటున్నది?"

బుక్కు తిప్పి చూసిన. "కొట్టొచ్చు. రెండు పాయింట్లు కోత, గంతే" అని చదివిన.

చిరంజీవి డైసు వేసిండు. తగిలింది. నాలుగు తెల్ల బిళ్ళలు తీసి డబ్బా మూతల పడేసిండు. జంపయ్య వాటినే చూస్తున్నడు. చిరంజీవికి చిరాకు లేసింది.

"గా మొఖం ఏంది? ప్రతిసారీ మీ నాయన సంగతి ఆటలకు తెస్తవు. అయినా ఒక మాట చెప్తా, ఏ సంబంధం లేకుంటే ఎవలూ ఊకెనే కాల్చరు. పేపర్ల రాసిన్రంటే ఏదో ఉండే ఉంటది."

జంపయ్య చిరంజీవి దిక్కు చూడలే. నా దిక్కు చూసిండు.

ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన తీవ్రవాది కాదురా, ఆకు కోసేటోడు, నాకు తెలుసు అని. కాని నాకు ఖమ్మం పోటీ యాదికొచ్చింది. ఇంక పది రోజులే ఉండె. లొల్లి అయితే జట్టు విడిపోతదనిపించింది.

"ఆట కానియ్యుండ్రి బే" అన్న. "జంపయ్యా, నీ వంతు."

అతను వంగి, దవాఖానల ఉన్న తెల్ల బిళ్ళలను వీధిలకు జరిపిండు. చిరంజీవి కాల్చిండు. జంపయ్య మళ్ల జనాన్నే జరిపిండు. ఒక్కసారి కూడా కాల్చలే. అతని టీంలు ఒక్కటొక్కటే పోయినయ్. జనం అందరూ మ్యాపు అంచు దాటేసరికి అతనికి ఒక్క బిళ్ళ మిగలలే.

"గెలిచినవ్ రా" అని చిరంజీవికి చెప్పి, చెప్పులేసుకొని వానల పోయిండు. గొడుగు ఇస్తనన్నా తీసుకోలే.

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలే. ఖమ్మానికి చిరంజీవి తన కోచింగ్‌ల ఒకాయనను పట్టుకొచ్చిండు. మూడో బహుమతి వచ్చింది. ఆ ఫోటో నేనే ఫ్లెక్స్ కొట్టి షాపు ముందట కట్టిన. ఎండకు వానకు ఒక్కటే నెలల రంగు పోయింది, తీసేసిన.

ఈ ఏడు ఆదివాసీ దినానికి జంపయ్య బడోళ్లు ఫ్లెక్స్ ఆర్డరిచ్చిన్రు. ఎప్పుడూ బస్సుల పంపేటోన్ని, ఈసారి నేనే మోసుకపోయిన. చర్ల దిగి, ఆటో ఎక్కి, బురదల కొంత నడిచిన. వరండల జంపయ్య నోటుబుక్కులు దిద్దుతున్నడు. నన్ను చూసి లేసి నిలబడ్డడు.

"మన్సూర్ గారూ, మీరే వచ్చిన్రా? కూసోండి" అన్నడు.

పదిహేనేండ్ల సంది అతను నన్ను ఒరేయ్ అనే పిలిచిండు. ఆ 'గారు' విని నాకు కుర్చీల కూసోబుద్ధి కాలే.

"జంపయ్యా, ఆ రోజు నేను మాట్లాడాల్సి ఉండె. తప్పయింది" అన్న.

అతను ఫ్లెక్స్ విప్పి, అక్షరాలు సరిగున్నయా అని కడదాకా చదివిండు.

"పేపరోళ్లు రాసిన్రంటే వాళ్లకు మా నాయన తెల్వదు. చిరంజీవి అన్నడంటే అతనికీ తెల్వదు. మీకు తెలుసు కదండీ" అన్నడు. కోపం లేదు గొంతుల. పిల్లలకు పాఠం చెప్పినట్టే ఉన్నది. "అక్షరాలు మంచిగ వచ్చినయ్. చాయ్ తాగి పొండి."

చాయ్ వచ్చింది. తాగిన. అతను గేటు దాకా వచ్చి, ఆటో ఆపి, డ్రైవర్‌కు జాగ్రత్తగ తీసుకపొమ్మని చెప్పిండు. రెండు చేతులు జోడించి దండం పెట్టిండు.

ఆ వచ్చే ఆదివారం చిరంజీవి ఫోన్ చేసి వస్తున్న అన్నడు. వద్దని చెప్పొచ్చు. చెప్పలే. షట్టరు సగం దించి, టేబుల్ తుడిచి పెట్టిన.