ఇత్తడి మేకు ఉన్నదే పైవైపు

నేనిలా వీధిలో నిలబడి చెక్క కోసుకోవడానికి కారణం మా బావ. ఊళ్ళో అందరూ ఆయన్ని రిజిస్టరు అంటారు. మ్యూజియం గోదాములోకి ఏ వస్తువొచ్చినా ముందు ఆయన పుస్తకంలోకి ఎక్కాలి. అక్క మొగుడు కాబట్టి నేను బావ అంటాను. మనసులో ఏమంటానో ఇక్కడ రాయను, అక్క చదువుతుంది.

నాది ఫ్రేములు కట్టే పని. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి నాన్న పక్కన కూర్చున్నాను. అప్పట్లో మా షాపు వెనక గదిలో ఐదుగురు బొమ్మలు వేసుకునేవారు. బొమ్మలంటే బొమ్మలు కావు. చెట్టు లేదు, మనిషి లేదు. ఎర్రటి మచ్చ, దాని మీద నల్ల గీత. గదికి అద్దె వాళ్ళు ఇవ్వలేకపోయేవారు, నాన్న అడగలేకపోయేవాడు. ఇప్పుడు మా ఊరి పేరెత్తితే బయటి దేశాలవాళ్ళు ముందు ఆ ఐదుగురి పేర్లే చెబుతారట. వాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. నాన్నా పోయాడు.

చట్రం కట్టేముందు నాన్న "ఇందులో పైవైపు ఏది?" అని అడిగేవాడు. వేసినవాడు మెడ ఇటు వంచి, అటు వంచి ఒకవైపు చూపించేవాడు. వారం పోయాక అడిగితే ఇంకోవైపు చూపించేవాడు. విసుగెత్తి నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొదటిసారి ఏది పైవైపన్నారో ఆ చెక్క లోపలి అంచుకు ఒక చిన్న ఇత్తడి మేకు కొట్టేవాడు. మిగతావన్నీ ఇనప మేకులే. ఈ సంగతి నాన్నకు తెలుసు, నాకు తెలుసు. వేసినవాళ్ళకు చెప్పలేదు. చెబితే మళ్ళీ మారుస్తారు.

పోయినేడు మ్యూజియంవాళ్ళు ఆ ఐదుగురి చరిత్ర పుస్తకంగా వెయ్యాలనుకున్నారు. బావ ఒక ప్రొఫెసరమ్మను వెంటబెట్టుకుని షాపుకొచ్చాడు.

"మా బావమరిది మేడం. చదువు లేదు గానీ జ్ఞాపకశక్తి ఉంది" అన్నాడు.

"నీకు రెండూ లేవు గదా బావా, ఉద్యోగం ఎలా ఇచ్చారు?" అన్నాను.

ఆవిడ నవ్వి రికార్డరు బల్ల మీద పెట్టింది. నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఫ్రేము ఎప్పుడిస్తావని తప్ప నన్నెవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. మూడు గంటలు మాట్లాడాను. మేకు సంగతీ చెప్పేశాను.

మర్నాడు గోదాములో ముప్ఫై ఒక్క బొమ్మలు వెనక్కి తిప్పి చూశారు. తొమ్మిది తలకిందులుగా ఉన్నాయి. అందులో ఒకటి ఇరవయ్యేళ్ళుగా మ్యూజియం టికెట్టు మీద అచ్చవుతున్నది. బరువంతా కిందికి దిగిపోతున్న దుఃఖమని దాని మీద ఆ ప్రొఫెసరమ్మే వ్యాసం రాసింది. తిప్పి నిలబెడితే బరువంతా పైకి పోతోంది. ఆవిడ కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. కాసేపు చూసి, "ఇలా కూడా బాగానే ఉంది" అంది.

మ్యూజియం పెద్దలు ఒప్పుకోలేదు. ఫ్రేములవాడి మేకును నమ్మి తొమ్మిది బొమ్మలు తిప్పుతామా అన్నారు. ప్రొఫెసరమ్మ మళ్ళీ వచ్చింది. బావ కూడా వచ్చాడు.

"మీ మాట ఒక్కటే ఆధారమంటే వాళ్ళు వినడం లేదు. ఆ గది మీ నాన్నగారి కాలంలో ఎలా ఉందో అలాగే ఉంటే చెప్పండి, ఆయన మాట నిలబడుతుంది. పుస్తకంలో ఐదుగురి తర్వాత ఆరో పేరు ఆయనదే వేయిస్తాను" అందావిడ.

ఆరో పేరు. నాన్న పేరు అప్పటిదాకా అచ్చయింది కరెంటు బిల్లు మీదే.

"ఒక్క మేకు కూడా కదల్లేదు మేడం" అన్నాను.

బావ ఇంటికప్పు వైపు చూశాడు.

నోరా, వీపుకు తేకే అన్నది ఊరికే కాదు. నాన్న పోయిన ఏడాదే ఆ గదికి సున్నం కొట్టాను. కొట్టింది నేను, నిచ్చెన పట్టుకున్నది బావ. ఆవిడ గోడ దగ్గర ఆగి, చూసి కళ్ళు తుడుచుకున్న నీలం మరక, ఎదురింటి డాక్టరు గేటుకు రంగేసి నేను బ్రష్షు తుడిచింది. మేకు మాత్రం నిజం.

నా మాట కాగితం మీదికెక్కింది. మొదటి పేజీలో నాన్న పేరు కనబడింది. అక్కడే ఆగిపోయి సంతకం పెట్టాను. రెండో పేజీలో గదిని మ్యూజియానికి అప్పగిస్తున్నట్టు ఉందట. బొమ్మలు తిరిగాయి. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఒక్క మేకు కూడా కదలని గది కాబట్టి ఇకమీదట ఒక్క మేకు కూడా కదపరాదు. నేను రోజూ చెక్క కోసుకునే ఆ గదిలో రంపపు పొట్టు పడరాదు. వార్నీషు వాసన తగలరాదు. తలుపుకు తాళం, తాళంచెవి కాపలాదారుకు. కాపలాదారు బావ.

వెళ్ళి చూస్తే బావ గదిలో నాన్న పీట మీద కూర్చునున్నాడు.

"లే బావా, అది నాన్న పీట."

"అందుకే కూర్చున్నా. అది కదలకుండా చూడ్డమే నా డ్యూటీ."

"సున్నం సంగతి చెప్పేస్తా. నా గది నాకొచ్చేస్తుంది."

"చెప్పు. నిచ్చెన నేనే పట్టుకున్నానని కూడా చెప్పు. కానీ ఒరే, గది గురించి అబద్ధమాడినవాడు మేకు గురించి నిజం చెప్పాడంటే ఎవడు నమ్ముతాడు? బొమ్మలు మళ్ళీ తిరుగుతాయి. మామయ్య పేరు లేచిపోతుంది. ఆపైన నీ ఇష్టం."

"అక్కతో చెప్తా."

"ఈ మాట నీతో చెప్పమన్నదే మీ అక్క."

అయినా మ్యూజియానికి వెళ్ళాను, చెప్పేద్దామనే. ప్రొఫెసరమ్మ నన్ను చూడగానే కొత్త పుస్తకం తెరిచి చేతిలో పెట్టింది. ఐదు పేర్ల కింద ఆరోది నాన్నది. అదే అక్షరం సైజు, అదే నలుపు. కింద ఇత్తడి మేకు ఫోటో.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?" అంది.

"కాగితం మంచిదే వాడారు మేడం" అన్నాను.

ఇప్పుడు ముందు గదిలో బల్ల వేసుకున్నాను. పెద్ద చెక్క కొయ్యాలంటే సగం వీధిలో ఉంటుంది. వాన వస్తే పని లేదు. ఆదివారాలు జనం క్యూ కట్టి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి నీలం మరక చూసి వెళ్తారు. బావ దాన్ని గురించి చక్కగా చెబుతాడు, నాకే ఒక్కోసారి నిజమేమో అనిపిస్తుంది.

మొన్న ఆయన్ని బతిమాలి ఐదు నిమిషాలు లోపలికి వెళ్ళి, నాన్న టేపుతో గది కొలిచాను. టేపు గోడకు తగలరాదన్నాడు, తగలనివ్వలేదు. పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు పదకొండు. నాన్న పేరు ఖరీదు నూట యాభై నాలుగు చదరపు అడుగులు.