గంట ఆగేలోపు

ఉరిశిక్ష రద్దు బిల్లు మీద మాట్లాడి కూర్చునేసరికి కత్తెర పెద్దాయన గొంతు ఎండిపోయింది. సర్కారు ఏ ఖర్చు తెచ్చినా కత్తిరించమనే మనిషి కనుక సభలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. శిక్షలు పెంచండి, జైలు గోడలు ఎత్తు చేయండి అని ఏళ్ల తరబడి గొంతు చించుకున్న పాతకాలపు మనిషి. ఇవాళ ఆయనే ఉరి వద్దంటుంటే సొంత పక్షం వాళ్లే ముక్కున వేలేసుకున్నారు.

"గుంత పూడ్చమంటే రోడ్డంతా తవ్విపోసే సర్కారండీ ఇది! పోయినవాడికి పన్ను నోటీసు పంపుతుంది, బతికున్నవాడి పింఛను ఆపుతుంది. దీని చేతికి ఉరితాడు కూడా ఇమ్మంటారా? ప్రాణం పోసింది పైవాడు. తీసే హక్కు గుమాస్తాలకు ఎక్కడిది?"

సభ నవ్వింది. కొందరు బల్లలు చరిచారు. కానీ నవ్వులు ఓట్లు కావు. బావ 'కాదు' అంటే రెండు వైపులా సరిసమానం. సమానమైతే పాత చట్టమే నిలుస్తుంది. బావ ఎటూ వేయకుండా ఊరుకుంటే చాలు, బిల్లు గట్టెక్కుతుంది.

బావంటే పెద్దాయన అక్క భర్త. ఆయనా ఆ సభలో సభ్యుడే. ఆయన కూతుర్ని చంపినవాడు జైల్లో ఉరికోసం ఎదురుచూస్తున్నాడు. బిల్లు నెగ్గితే వాడు బతికిపోతాడు. పోయిన పిల్ల పెద్దాయనకు మేనకోడలు. మాటలు రాకముందే మేనమామ భుజమెక్కి స్వారీ చేసిన పిల్ల.

ఓటింగు గంట మొదలైంది. ఆ సభలో చేతులెత్తడం ఉండదు. నడవాకి అటూ ఇటూ రెండు గదులు. అవుననేవాళ్లు ఎడమ గదిలోకి, కాదనేవాళ్లు కుడి గదిలోకి వెళ్లాలి. గంట ఆగగానే జవాన్లు తలుపులు మూసేస్తారు. ఎవరు ఏ గదిలో ఉంటే ఓటు అటే.

పెద్దాయన నడవాలో బావ చెయ్యి పట్టేసుకున్నాడు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటాను. వెళ్లి టీ తాగు. ఏ గదిలోకీ వెళ్లకు."

"వదలరా! విన్నాను నీ ఉపన్యాసం. పన్నులట, పింఛన్లట! నా కూతురు నీకు పన్ను నోటీసుట్రా?"

"వాడే చంపాడు. నాకూ అనుమానం లేదు. కానీ మొదట ఎవర్ని పట్టుకొచ్చారు బావా? కుళాయిలు బాగుచేసేవాణ్ణి. నాలుగు తగిలిస్తే ఒప్పేసుకున్నాడు. వీణ్ణి ఇప్పుడే ఉరితీయండి అని స్టేషన్ ముందు గుండెలు బాదుకున్నదెవరు? నువ్వు! నీ పక్కన నేను! ఆవేళ తాడు మన చేతిలో ఉంటే?"

బావ ముఖం పాలిపోయింది.

"తర్వాత అసలువాడు దొరికాడుగా."

"కుళాయిలవాడి అదృష్టం బాగుండి అసలువాడు దొరికాడు. సర్కారు గొప్ప కాదు."

పెద్దాయన చెయ్యి వదిలేసి, తల దించుకుని ఎడమ గదిలోకి నడిచాడు. వెనకే బావ గొంతు తరుముకొచ్చింది.

"ఎక్కడికిరా పారిపోతున్నావ్? మేనమామవేనా నువ్వు? మీ అక్క ముందుకు ఏ ముఖం పెట్టుకుని వస్తావ్?"

పెద్దాయన వెనక్కి తిరిగి చూసి కొయ్యబారిపోయాడు. కోపంలో ఒళ్లు తెలియక బావ గడప దాటేశాడు. ఎడమ గదిలో నిలబడి, వేలు చూపిస్తూ తిడుతున్నాడు.

గంట ఇంకా మోగుతూనే ఉంది. సొంత పక్షం మనిషి ఒకడు కళ్లు పెద్దవి చేసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. అంటే, నోరు మూసుకో! నోరు మూసుకుంటే బావ ఓటు కూడా ఇటే. పోయిన పిల్ల తండ్రి చేత, ఆయనకే తెలియకుండా!

పెద్దాయన నోరు మూసుకున్నాడు. బావ తిడుతున్నాడు. పెద్దాయన వింటున్నాడు.

"బావా!" అని కేక పెట్టాడు చివరికి. "ఇది ఎడమ గది! నీ గది అటు! పరుగెత్తు!"

బావ బిత్తరపోయి చుట్టూ చూశాడు. గిరుక్కున తిరిగి నడవాలోకి పరుగెత్తాడు. కాలు జారింది. లేచాడు. గంట ఆగింది. కుడి తలుపు ఆయన ముఖం మీదే మూసుకుంది. ఇటు ఎడమ తలుపూ పడింది.

తర్వాత వినిపించిందల్లా నడవాలో తలుపు బాదుతున్న చప్పుడు.

"తెరవండయ్యా! నేను తండ్రిని! తెరవండి!"

పెద్దాయన జవాను భుజాలు పట్టి కుదిపాడు. "తియ్యవయ్యా, ఆయన్ని అటు పంపించు!"

"లెక్కయ్యేదాకా కుదరదు సార్. నా ఉద్యోగం ఊడుతుంది."

లెక్కయింది. బిల్లు నెగ్గింది. ఎవరో పెద్దాయన వీపు చరిచారు. ఆయన అందర్నీ తోసుకుంటూ బయటికొచ్చాడు.

బావ కుడి తలుపుకి జారగిలబడి నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒక చెప్పు ఎక్కడో పడిపోయింది.

"నేను లోపలికి రావడం చూశావు కదరా?"

"చూశాను."

"చూడగానే చెప్పావా?"

చెప్పానంటే బావ నమ్మేవాడు. ఆయన బావమరిది మాటను ఎన్నడూ శంకించలేదు.

"లేదు బావా."

బావ జేబులో ఫోన్ మోగింది. చూసి, చేయి చాచి పెద్దాయనకు ఇచ్చాడు.

"మీ అక్క. నువ్వే చెప్పు."

పెద్దాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా..." అన్నాడు.