పదమూడు వైరస్‌లు, ఒక కత్తెర

కోటుకి కాలర్ అతుకుతుండగా ఫోన్ మళ్ళీ మోగింది. కుట్టు ఆపి చూస్తే తెర మీద ఎర్రటి పెట్టె: ‘మీ ఫోన్‌లో పదమూడు వైరస్‌లు ఉన్నాయి. వెంటనే శుభ్రం చేయండి.’ పొద్దున ఇవే ఏడు. దోమలు కూడా ఒక్క పూటలో ఇంతగా పెరగవు. టైలరమ్మ ఆ పెట్టెను వేలితో పక్కకి తోసింది. దాని వెనక ఇంకోటి ఉంది. దాన్నీ తోస్తే, ఆ వెనక ఒక గంట బొమ్మ ఊగుతూ కనిపించింది. ఇంతకీ ఆవిడ చూడాలనుకున్నది ఈ కోటు భుజం కొలత. కొలత రాసిన కాగితం పోతుందేమోనని ఫోటో తీసి ఫోన్‌లో దాచుకున్న పాపానికి, వారం రోజులుగా ఆవిడ తల ప్రాణం తోకకొస్తోంది.

ఆవిడ భర్త ఒక పెద్ద ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. కార్డు చూసి, మొహం చూసి, మళ్ళీ కార్డు చూసి మనుషుల్ని లోపలికి వదలడం పన్నెండేళ్ళుగా ఆయన పని. ఒకసారి కార్డు మర్చిపోయి వచ్చాడని ఆ ఆఫీసు యజమానినే అరగంట బయట నిలబెట్టాడు. ఆ సంగతి నలుగురు కూర్చున్నచోటల్లా ఇప్పటికీ చెబుతాడు. ఫోన్‌కి వైరస్ పట్టిందని తెలిసినప్పటినుంచి ఆయన ఇంట్లో కూడా డ్యూటీ ఎక్కేశాడు. మొదటిరోజు పాస్‌వర్డులన్నీ మార్చాడు. రెండోరోజు ఆ మార్చినవి మర్చిపోయాడు. మూడోరోజు వైరస్‌లను ఊడ్చేస్తుందంటూ ఒక యాప్ ఎక్కించాడు. అది ఊడ్చే సంగతి దేవుడెరుగు, నిమిషానికో ప్రకటన చూపించడం మొదలుపెట్టింది. ఇవి చాలవన్నట్టు తోటి గార్డులు పంపిన హెచ్చరికలన్నీ రోజుకి ఇరవై చొప్పున భార్యకి పంపేవాడు. ఏ లింకూ నొక్కకండి. కొత్త నంబరు నుంచి బంధువులమంటే నమ్మకండి. వాళ్ళకీ మీకూ మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి అడగండి.

“ఆ వైరస్‌ల కంటే మీరు పంపేవే ఎక్కువయ్యాయి,” అంది ఆవిడ.

“కొంప మునిగాక నన్నే అంటావు, ముందెందుకు చెప్పలేదని.”

మంగళవారం సాయంత్రం ఆయన డ్యూటీ దిగి, షాపులో కుర్చీ లాక్కుని కూర్చున్న కాసేపటికి ఆ మెసేజ్ వచ్చింది. పేరు లేదు, ఉత్త నంబరు.

‘అక్కా, నేనే. పాత ఫోన్ నీళ్ళలో పడి పోయింది, ఇది కొత్త నంబరు. మేం ఇల్లు మారుతున్నాం, చాలా దూరం. గురువారం మా బస్సు మీ ఊళ్ళో నలభై నిమిషాలు ఆగుతుంది. ఈ లింకు నొక్కితే బస్సు ఎక్కడుందో తెలుస్తుంది. వీలైతే రా.’

టైలరమ్మ చేతిలో సూది అలాగే ఆగిపోయింది. ఆవిడకి ఉన్నది ఒక్కతే చెల్లెలు. ఇద్దరూ ఇదే షాపులో, ఇదే బల్ల దగ్గర పదహారేళ్ళు కలిసి పనిచేశారు. చెల్లెలు కత్తిరించేది, అక్క కుట్టేది. నాలుగేళ్ళ కిందట తండ్రి వాడిన పెద్ద కత్తెర కనిపించకుండా పోయింది. నువ్వే తీశావు, వేరే షాపు పెట్టుకునే ఆలోచనలో ఉన్నావు అని అక్క నోరు జారింది. తీయలేదని చెల్లెలు మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పలేదు, మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అప్పటినుంచి మాటల్లేవు.

భర్తకి కూడా తెలియని సంగతి ఒకటుంది. రెండేళ్ళ కిందట షాపుకి రంగు వేయించాలని బల్ల జరిపితే, సొరుగుకీ గోడకీ మధ్య ఇరుక్కున్న కత్తెర ఠంగుమని కింద పడింది. ఆవిడ దాన్ని లైనింగ్ గుడ్డలో చుట్టి పై అరలో గుండీల డబ్బాల వెనక దాచేసింది. చెల్లెలికి చెప్పాలని రోజూ అనుకునేది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక రోజూ మానేసేది.

భర్త భుజం మీదుగా తొంగిచూశాడు. “నేనే అంటాడు, పేరు చెప్పడు. పాత ఫోన్ పోయిందంటాడు. లింకు నొక్కమంటాడు. మా గ్రూపులో రాసింది రాసినట్టే ఉంది.”

“నిజంగా అదేనేమోనండీ.”

“అయితే ఫోన్ చేసి చూడు.”

చేసింది. అటువైపు ఎవరూ ఎత్తలేదు.

“చూశావా, గొంతు వినిపిస్తే దొరికిపోతాడు. పోనీ, మీ ఇద్దరికే తెలిసిన ప్రశ్న ఏదైనా అడుగు.”

ఇద్దరికే తెలిసినవి బోలెడున్నాయి. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి కొన్న ఒక్క గొడుగు ఏ రంగుదో అడగొచ్చు. కానీ రెండేళ్ళుగా ఆవిడ బుర్రలో తిరుగుతున్నది ఒక్కటే, వేళ్ళు కూడా దాన్నే రాసేశాయి: ‘నువ్వు నా చెల్లెలివే అయితే చెప్పు, నాన్న కత్తెర ఎక్కడుంది?’

దొంగైతే ఏదో ఒక చోటు చెబుతాడు, చెల్లెలైతే తిడుతుంది, ఆ తిట్టుతో గుర్తుపట్టేయొచ్చు అనుకుంది. పంపేశాక గానీ, ఆ మాట చదివే చెల్లెలికి ఎలా ఉంటుందో తట్టలేదు. వెనక్కి తీసుకుందామంటే అది మామూలు మెసేజ్, వెళ్ళిందంటే వెళ్ళినట్టే.

పది నిమిషాలు చూశారు. జవాబు లేదు. “నీళ్ళు నములుతున్నాడు,” అంటూ భర్త ఫోన్ లాక్కుని, ఆ నంబరుని బ్లాక్ చేసి, గేటు మూసి గొళ్ళెం పెట్టినంత తృప్తిగా తిరిగిచ్చాడు.

బుధవారం ఆవిడ ఆ గొళ్ళెం తీయమని రెండుసార్లు అడిగింది. దొంగకి తలుపు తీస్తారా అని ఆయన రెండుసార్లూ కసిరాడు. పోనీ తనే తీద్దామని కూర్చుంటే, ఏది నొక్కినా ఎర్రపెట్టే అడ్డొచ్చింది. ఆవిడకి భర్త మీద కోపం, ఫోన్ మీద కోపం, అన్నిటికంటే ఎక్కువగా తన వేళ్ళ మీద కోపం. ఆ కోపంలో కోటు చెయ్యి తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుకుంది.

గురువారం మధ్యాహ్నానికి వైరస్‌లు నలభై ఒకటయ్యాయి. కోటు తాలూకు మనిషి ట్రయల్‌కి వచ్చి నిలబడ్డాడు, రాసుకున్న భుజం కొలత చూపించమంటాడు, ఆ ఫోటో ఎంతకీ తెరుచుకోదు. టైలరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. కోటు విప్పించి, రేపు రమ్మని పంపేసి, షాపు షట్టరు సగం దించి, వీధి చివరి ఫోన్ల షాపుకి విసవిసా నడిచింది.

ఆ షాపామె ఫోన్ అందుకుని, నాలుగైదు చోట్ల నొక్కి, పెదవి విరిచింది.

“వైరస్సూ లేదు, గీరస్సూ లేదమ్మా. ఏదో వెబ్‌సైటు ‘నోటిఫికేషన్లు పంపమంటారా’ అని అడిగితే మీరు సరే అన్నారు. అది ప్రకటనలు పంపుతోంది, అంతే.”

ఎప్పుడన్నానబ్బా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. కోటు మోడల్ ఒకటి వెతుకుతున్నప్పుడు ఏదో అడిగింది. చేతులు వదులుగా ఉండాలన్నా సరే, శుక్రవారానికే కావాలన్నా సరే అని షాపులో ఇరవై ఏళ్ళుగా అంటున్న నోరు. ఫోన్ అడిగినా అదే అలవాటున సరే నొక్కేసింది.

“అనుమతి తీసేశాను. ఈ ఊడ్చే యాప్ కూడా తీసేస్తున్నా, సగం గోల దీనిదే.” షాపామెకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. “మీరు బ్లాక్ చేసిన నంబరు నుంచి మెసేజ్‌లు వచ్చి పడున్నాయి. వీటినీ తీసేయనా?”

“వద్దు, ఆ బ్లాక్ తీసేయండి,” అని, అది తీయగానే టైలరమ్మ ఫోన్ దాదాపు లాక్కున్నంత పని చేసింది.

మొదటిది మంగళవారం రాత్రిది. ‘నాలుగేళ్ళ తర్వాత మెసేజ్ పెడితే నువ్వు అడిగేది కత్తెరా?’

రెండోది బుధవారానిది. ‘తీయలేదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నా. బస్సు ఒంటిగంటన్నరకి వస్తుంది, రెండూ పదికి వెళ్ళిపోతుంది. నాకోసమైతే రా. కత్తెర కోసమైతే రాకు.’

మూడోది ఇరవై నిమిషాల కిందటిది. ‘స్టాండులో ఉన్నా.’

గోడ గడియారంలో రెండుకి ఐదు నిమిషాలు తక్కువ. బస్టాండు కుడివైపు, పది నిమిషాల నడక. టైలరమ్మ ఎడమవైపు తిరిగింది. ఉత్త చేతులతో వెళ్ళి దొరికిందని చెబితే ఎవరు నమ్ముతారు అనిపించింది ఆవిడకి. షట్టరు కింద నుంచి దూరి, స్టూలెక్కి, గుండీల డబ్బాలు రెండు నేలపాలు చేసి, ఆ గుడ్డ మూట సంచిలో వేసుకుని పరుగెత్తింది. తోవలో మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ చెల్లెలు కట్ చేసింది.

స్టాండు చేరేసరికి రెండూ పన్నెండు. ఆ బస్సు ఆగే చోట అప్పుడే ఆగిన జల్లుకి తడిసిన నేల మీద పొడిగా, పొడుగ్గా ఒక జాగా మిగిలింది. ఆవిడ అక్కడే బెంచీ మీద కూలబడింది. వైరస్‌ల మీదా, పెట్టెల మీదా, గేటు కాసే మొగుడి మీదా అరవాలనిపించింది. కానీ ఆ ప్రశ్న రాసింది తను. రెండేళ్ళు నోరు మూసుకున్నదీ తనే. ఆయాసం తగ్గకుండానే, తప్పులు దిద్దుకోకుండా రాసి పంపింది.

‘కత్తెర నా దగ్గరే ఉంది. బల్ల వెనక పడిపోయింది. దొరికి రెండేళ్ళయింది. సిగ్గేసి చెప్పలేదు. నువ్వు తీయలేదు. నిన్ను అలా అన్నందుకు నా నోరు పడిపోను. తప్పు నాదే.’

చాలాసేపటికి జవాబొచ్చింది.

‘మా అక్క తప్పు ఒప్పుకునే రకం కాదు. మీరెవరు?’

టైలరమ్మ బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తుండగానే ఇంకోటి వచ్చింది. ‘తర్వాత ఆగేచోట భోజనాలకి గంట ఆపుతారట. ఇదిగో,’ అని, కింద మళ్ళీ అదే లింకు.

నొక్కింది. ఈ లింకు సురక్షితం కాకపోవచ్చు, తెరవమంటారా అని ఫోన్ అడిగింది. ఇరవై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా, సరే నొక్కింది. ఎర్ర పెట్టెలేవీ రాలేదు. రోడ్డు బొమ్మ మీద నీలం చుక్క ఒకటి మెల్లగా పాకుతోంది. అటే వెళ్ళే ఇంకో బస్సు బయల్దేరబోతుంటే ఆవిడ ఎక్కి కూర్చుంది.

పావుగంటకి భర్త ఫోన్ చేశాడు. “షాపు షట్టరు సగం ఎత్తి ఉందట, గుండీలన్నీ నేల మీదున్నాయట. ఎక్కడున్నావు?”

“బస్సులో. నా చెల్లెల్ని కలవడానికి. ఆ లింకు కూడా నొక్కాను.”

“నీకెన్నిసార్లు చెప్పాను. అది మీ చెల్లెలేనని రుజువేంటి?”

ఆవిడ సంచిలోని కత్తెరని ఒళ్ళోకి జరుపుకుని, కత్తెర సంగతంతా మొదట్నుంచీ ఆయనకి చెప్పింది. తను పంపిన మెసేజ్ చదివింది. తర్వాత చెల్లెలి జవాబు చదివింది.

గేటు దగ్గర కార్డు చూసి, మొహం చూసి, మళ్ళీ కార్డు చూసేంత సేపు ఆయనేం మాట్లాడలేదు.

“అయితే మీ చెల్లెలే,” అన్నాడు.